ముగ్గురు సోలోయిస్టులు, ఒకే టేక్

1969 సెప్టెంబరు. పశ్చిమ బెర్లిన్‌లోని డాలెం ప్రాంతంలో యేజుస్ క్రిస్టుస్ చర్చి. పియానో దగ్గర స్వ్యాతొస్లావ్ రిక్టర్, వయొలిన్‌తో డేవిడ్ ఓయిస్ట్రాఖ్, చెల్లోతో (వయొలిన్ జాతికే చెందిన పెద్ద, మంద్ర వాద్యం) మ్స్తిస్లావ్ రొస్త్రొపోవిచ్. వాళ్లతో పాటు బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా, దాన్ని నడిపిస్తూ హెర్బర్ట్ ఫాన్ కరాయాన్. ఇఎంఐ కంపెనీ కోసం రికార్డు చేస్తున్నది బీథోవెన్ ట్రిపుల్ కన్చెర్టో, అంటే ముగ్గురు సోలోయిస్టులు (ముందుండి ప్రధానంగా వాయించేవాళ్లు) ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే కృతి. అప్పటికే ఆ నలుగురిలో ఏ ఒక్కరి పేరు చెప్పినా రికార్డులు అమ్ముడయ్యేవి. అలాంటిది నలుగురి పేర్లూ ఒకే అట్ట మీద పడ్డాయి. ఆ రికార్డు ఇవాళ్టికీ దొరుకుతూనే ఉంది, జనం వింటూనే ఉన్నారు. రిక్టర్ మాత్రం తర్వాతి రోజుల్లో అది చాలా చెడ్డ రికార్డింగ్ అనీ, దాన్ని తనదిగా ఒప్పుకోననీ తెగేసి చెప్పారు.

ఇలాంటి కథ వినగానే అహంకారాలు ఢీకొన్నాయని ఒక్క మాటలో తేల్చేయడం మామూలే. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఎంతో స్నేహంగా ఉండే ముగ్గురు కలిసి వాయించినా ఈ రకం రికార్డింగ్ కష్టంగానే ఉంటుంది. ఒక్క సోలోయిస్టు ఉన్న కన్చెర్టోలో రాని చిక్కులు ఇద్దరో ముగ్గురో ఉన్నప్పుడు వస్తాయి. వాటిలో చాలా భాగం మనుషుల స్వభావం నుంచి పుట్టినవి కావు. గదిలో శబ్దం ఎలా వ్యాపిస్తుంది, మైకు ఏం వింటుంది, ఏ టేకును (ఒకసారి వాయించి రికార్డు చేసినదాన్ని) ఎవరు ఎంచుకుంటారు అనే వాటి నుంచి పుట్టినవి. ముఖ్యంగా ఆ చివరిది. రికార్డు బాగా రావడమా రాకపోవడమా అన్నది ఎక్కువగా అక్కడే తేలుతుంది.

చెల్లోకు పెద్ద పరీక్ష

ముందు ఆ కృతి సంగతి చూడాలి. బీథోవెన్ దీన్ని 1803, 1804 ప్రాంతంలో రాశాడు. ఓపస్ (అంటే కృతి సంఖ్య) 56, సి మేజర్ స్కేలు. మొత్తం మూడు భాగాలు, దాదాపు 35 నిమిషాలు. అందులో సగం మొదటి భాగానిదే. రెండోదైన లార్గో, అంటే చాలా నెమ్మదిగా నడిచే భాగం, ఐదు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. అది ఆగకుండా నేరుగా మూడో భాగంలోకి, పోలిష్ నాట్యం పోకడ ఉన్న రోండోలోకి (ఒకే ఇతివృత్తం మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే రచన) వెళ్లిపోతుంది.

పియానో, వయొలిన్, చెల్లో మూడూ కలిసి సోలో పాత్ర పోషించే పెద్ద కన్చెర్టో అప్పటికి అరుదు. బీథోవెన్ ముందున్న మొదటి సమస్య చెల్లో. దాని అసలు బలం మంద్ర, మధ్య స్థాయుల్లో ఉంది. ఆర్కెస్ట్రాలో బరువైన శబ్దం పోగయ్యేది కూడా అక్కడే. అక్కడే వాయిస్తే సోలో చెల్లో మునిగిపోతుంది. అందుకని బీథోవెన్ దాన్ని పైకి, తారస్థాయికి తీసుకెళ్లాడు. ఇతివృత్తాల్లో ఎక్కువ భాగాన్ని మొదట దాని చేతే పలికించాడు. మొదటి భాగంలో ఆర్కెస్ట్రా పరిచయం అయ్యాక ముందు వచ్చేది చెల్లో, ఆ తర్వాత వయొలిన్, చివరికి పియానో. చెల్లో వాద్యకారులకు ఇది గుండె దడ పుట్టించే కృతి. తీగ మీద అంత ఎత్తున వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతి తప్పుతుంది. తప్పిన సంగతి మైకు దాచదు. పక్కనే వయొలిన్ అదే సంగీత పదాన్ని తనకు చాలా హాయైన చోట పలికి చూపిస్తుంది కూడా.

పియానో పాత్ర దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మిగతా ఇద్దరితో పోలిస్తే తేలికే. పెద్ద పెద్ద పియానో కన్చెర్టోలకు అలవాటు పడిన చేతులకు ఇందులో చాలాసేపు తోడు వాయించే పనే ఉంటుంది. అయినా వేదిక మీద అన్నిటికన్నా పెద్ద వాద్యం అదే. 2.74 మీటర్ల కచేరీ గ్రాండ్ పియానో మూత పూర్తిగా తెరిచి ఉంటే చెల్లోను ఏ ప్రయత్నమూ లేకుండానే కప్పేయగలదు. ఎక్కువ కష్టపడేవారికి తక్కువ శబ్దం, తక్కువ కష్టపడేవారికి ఎక్కువ శబ్దం. రికార్డింగ్ మొదలు కాకముందే కృతిలో ఉన్న అసమానత ఇది.

ఇంకొకటి కూడా గమనించాలి. మొదటి భాగంలో ఏ ఒక్కరికీ పొడుగాటి కడెంజా లేదు. అంటే ఆర్కెస్ట్రా ఆగి, ఒక వాద్యం ఒంటరిగా తన ప్రతిభ చూపే ఘట్టం లేదు. వినేవాళ్లకు ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. ఎడిటింగ్ చేసేవాళ్లకు మాత్రం చాలా పెద్ద విషయం. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మైకు ముందు ఎవరెక్కడ

కచేరీలో అమరిక దాదాపు స్థిరంగా ఉంటుంది. మధ్యలో పియానో, దాని ముందు వయొలిన్, చెల్లో. పియానో వెనకో పక్కనో కండక్టర్. పియానిస్టుకు చెల్లో వీపు కనిపిస్తుంది, చెల్లోకు పియానిస్టు అసలు కనిపించరు. వాద్యకారులు మెడ తిప్పి, ఊపిరి విని, భుజం కదలిక గమనించి సర్దుకుంటారు. ప్రేక్షకులు లేని రికార్డింగ్‌లో ఇలా బాధపడాల్సిన పని లేదు. చర్చి లాంటి చోట ముందు వరస బల్లలు తీసేసి, సోలోయిస్టులను ఒకరికొకరు కనిపించేలా ఆర్కెస్ట్రాకు ఎదురుగా కూర్చోబెట్టవచ్చు. శబ్దం ఎటు పోతుందన్నది ప్రేక్షకుల కుర్చీలను బట్టి కాకుండా మైకులను బట్టి తేలుతుంది.

డాలెం చర్చిని బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఏళ్ల తరబడి రికార్డింగులకు వాడుకుంది. 1963లో వాళ్లకు సొంతంగా కొత్త కచేరీ మందిరం వచ్చాక కూడా చాలా రికార్డులు ఇక్కడే చేశారు. ఆ భవనం శబ్దాన్ని కొంచెంసేపు నిలుపుతుంది, అలాగని పదాలను కలగాపులగం చేయదు. ఫెరెన్స్ ఫ్రిచాయ్ 1960లో గేజా ఆండా, వోల్ఫ్‌గాంగ్ ష్నైడర్‌హాన్, పియేర్ ఫూర్నియేలతో ఇదే ట్రిపుల్ కన్చెర్టోను రికార్డు చేసిందీ ఈ చర్చిలోనే. ఆర్కెస్ట్రా మాత్రం వేరు, బెర్లిన్ రేడియో వాళ్లది. ఒకే గదిలో తొమ్మిదేళ్ల తేడాతో తయారైన ఈ రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టి వింటే, గది ఎంత చేయగలదో, ఎక్కడితో దాని పని అయిపోతుందో బాగా అర్థమవుతుంది. ఫ్రిచాయ్ రికార్డులో ముగ్గురూ ఒక ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. కరాయాన్ రికార్డులో ఒక్కొక్కరూ వేదిక అంచుకు వచ్చి ప్రసంగించినట్టు ఉంటుంది. గోడలు అవే.

ఇక మైకులు. ఆర్కెస్ట్రా రికార్డింగ్‌లో ప్రధాన మైకుల గుంపు ఒకటి ఉంటుంది. 1950లలో లండన్ డెక్కా ఇంజనీర్లు తీర్చిదిద్దిన పద్ధతి వీటిలో బాగా పేరు పొందింది. కండక్టర్ తల మీదుగా, కొన్ని మీటర్ల ఎత్తులో, ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో మూడు మైకులు వేలాడదీస్తారు. మొత్తం చిత్రం, గది వాసనతో సహా, ఇక్కడ నుంచే వస్తుంది. సోలోయిస్టుల దగ్గర విడిగా ఒక్కో మైకు పెడతారు. ఈ దగ్గరి మైకు ఉద్దేశం శబ్దం పెంచడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. విల్లు తీగను పట్టుకునే ఆ తొలి క్షణపు గరుకుదనం, మాటలో హల్లు లాంటిది, దూరపు మైకుకు సరిగా చేరదు. అది అందితే చెవి ఆ వాద్యాన్ని గుర్తుపట్టి వెంబడిస్తుంది. శబ్దం పెద్దగా పెంచకుండానే వాద్యం ముందుకు వచ్చినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఒక్క మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు. చెల్లోకు మీటరు దూరంలో ఒక మైకు, ఏడు మీటర్ల దూరంలో ప్రధాన మైకులు ఉన్నాయనుకుందాం. ఒకే స్వరం దగ్గరి మైకుకు ముందు, ప్రధాన మైకులకు సుమారు 18 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండిటినీ అలాగే కలిపితే చెల్లో తన గదిని వదిలేసి స్పీకరుకు అతుక్కుపోయినట్టు వినిపిస్తుంది. డిజిటల్ మిక్సింగ్‌లో దగ్గరి మైకును ఆ మేరకు ఆలస్యం చేస్తారు. అప్పుడు చెల్లో తను కూర్చున్న చోటే ఉంటుంది, కాకపోతే మరికాస్త స్పష్టంగా వినిపిస్తుంది. ఒక సోలోయిస్టు ఉంటే ఈ సర్దుబాటు ఒక్కసారి చేస్తే సరిపోతుంది. ముగ్గురుంటే మూడు సార్లు. పైగా చెల్లో మైకు పియానోను కూడా వింటుంది, పియానో మైకు వయొలిన్‌ను కూడా వింటుంది. చెల్లోకు సరిపోయిన ఆలస్యం, అదే మైకులోకి చొరబడిన పియానోకు సరిపోదు. ఒక మీట పైకి తోస్తే ఒక్క వాద్యం పెరగదు, దాని చుట్టుపక్కల ఉన్నవన్నీ కాస్త కాస్త పెరుగుతాయి.

అందుకే అనుభవం ఉన్న ఇంజనీర్లు సెషన్ మొదట్లో మైకుల కన్నా కుర్చీల మీద ఎక్కువ సమయం పెడతారు. చెల్లో కింద బోలుగా ఉన్న చెక్క దిమ్మె వేస్తే కింది స్వరాలకు బలం వస్తుంది. పియానోను ఇరవై డిగ్రీలు తిప్పితే దాని శబ్దం వయొలిన్ మైకు మీదుగా పోకుండా తప్పుకుంటుంది. ఇక్కడ మిగిలిన లోటు మిక్సింగ్ బల్ల దగ్గర సగం మాత్రమే పూడుతుంది.

విడగొట్టలేని టేకు

సినిమా పాటో, పాప్ పాటో రికార్డు చేసేటప్పుడు గాయకుడు ఒక గదిలో, డ్రమ్ములు ఇంకో గదిలో ఉండవచ్చు. అసలు వేర్వేరు రోజుల్లో కూడా పాడవచ్చు, వాయించవచ్చు. గాయకుడి ఐదో టేకును డ్రమ్ముల రెండో టేకు మీద పెట్టడానికి అడ్డేమీ లేదు. కన్చెర్టోలో ఇది కుదరదు. అందరూ ఒకే గాలిలో వాయిస్తున్నారు, ప్రతి మైకులోనూ అందరూ ఉన్నారు. పైగా లయను గడియారం నిర్ణయించదు, ఒకరి ఊపిరి మరొకరు విని నిర్ణయించుకుంటారు. కాబట్టి ఎడిటర్ కోయగలిగేది నిలువుగా మాత్రమే. ఈ స్వరం వరకు మూడో టేకు, ఆ తర్వాత ఐదో టేకు అనవచ్చు. మూడో టేకులోని చెల్లోను, ఐదో టేకులోని వయొలిన్‌ను ఒకే క్షణంలో కూర్చోబెట్టలేరు.

దీని పర్యవసానం ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. మొదటి భాగంలో ఒక పదహారు గతుల (బార్ల) వాక్యం. చెల్లో ఇతివృత్తాన్ని తారస్థాయిలో ఎత్తుకుంటుంది, ఎనిమిదో గతి దగ్గర వయొలిన్ అందుకుంటుంది, ఇద్దరూ కలిసి కొనసాగిస్తుంటే కింద పియానో గలగలా పారుతుంది. రెండో టేకులో చెల్లో అద్భుతంగా పలికింది, కానీ వయొలిన్ అందుకోవడం ఒక్క వెంట్రుక ముందుగా జరిగింది. నాలుగో టేకులో వయొలిన్ మెరిసింది, చెల్లో పై స్వరం శ్రుతి కొంచెం తగ్గింది. ఐదో టేకులో ముగ్గురూ శుభ్రంగా వాయించారు, ఎక్కడా తప్పు లేదు, కాకపోతే ప్రాణం లేదు. ఒక్క సోలోయిస్టే ఉంటే నిర్ణయం తేలిక. ఆమెకో ఆయనకో నచ్చిన టేకు తీసుకుంటారు, ఆర్కెస్ట్రాలో చిన్న తేడా ఉంటే ఓర్చుకుంటారు. ముగ్గురున్నప్పుడు ప్రతి టేకూ ఒకరికి అనుకూలంగా, మరొకరికి ప్రతికూలంగా ఉంటుంది. వయొలిన్ అందుకునే చోట కోసి రెండో టేకు నుంచి నాలుగో టేకుకు మారవచ్చు. రెండు టేకుల్లోనూ వేగం ఒకటే అయి ఉండాలి, అప్పటికి చెల్లో స్వరం గదిలో ఇంకా మోగుతున్న తీరు కూడా ఒకటే అయి ఉండాలి. లేకపోతే అతుకు వినిపిస్తుంది. అలా కుదరనప్పుడు ఎక్కువసార్లు గెలిచేది ఐదో టేకు. ఎవరికీ అభ్యంతరం లేనిది, ఎవరి హృదయమూ లేనిది.

స్టార్లు కలిసి చేసిన రికార్డులు చాలాసార్లు మర్యాదగా, చప్పగా ఎందుకుంటాయో దీనితో చాలావరకు తెలుస్తుంది. వాళ్లు చప్పగా వాయించారని కాదు. వాళ్లు రిస్కు తీసుకున్న క్షణాలు ఒకే టేకులో కలిసి రాలేదు.

కడెంజా సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. జర్మన్ స్వరకర్త బ్రాహ్మ్స్ వయొలిన్, చెల్లో సోలోయిస్టులుగా రాసిన 1887 నాటి డబుల్ కన్చెర్టోలో ఆర్కెస్ట్రా నాలుగు గతులు వాయించి ఆగిపోతుంది. తర్వాత చెల్లో ఒంటరిగా తన మాట చెబుతుంది. కొద్దిసేపటికి వయొలిన్ వచ్చి చేరుతుంది. ఆ ఒంటరి ఘట్టాలను ఆర్కెస్ట్రా ఇంటికి వెళ్లాక కూడా, కావలసినన్ని సార్లు, టెన్షన్ లేకుండా రికార్డు చేసుకోవచ్చు. అదే 1969లో, మే నెలలో, క్లీవ్‌లాండ్‌లో కండక్టర్ జార్జ్ సెల్ ఆధ్వర్యంలో ఈ డబుల్ కన్చెర్టో వాయించింది ఇదే ఓయిస్ట్రాఖ్, ఇదే రొస్త్రొపోవిచ్. అందులో ఇద్దరూ ఒకరికొకరు చోటిచ్చుకుంటూ, పట్టుదలతో, ఎంతో వెచ్చగా వాయించారు. నాలుగు నెలల తర్వాత బెర్లిన్‌లో జరిగినదానికి ఆ ఇద్దరి మధ్య సంగీతపరంగా పొత్తు కుదరకపోవడమే కారణం అనేవాళ్లు ముందుగా ఈ రికార్డు వినాలి.

టేపు రాకముందు ఈ గొడవే లేదు. 1929లో వయొలిన్‌తో జాక్ థిబో, చెల్లోతో పావ్ కసాల్స్ బార్సిలోనాలో కసాల్స్ సొంత ఆర్కెస్ట్రాతో బ్రాహ్మ్స్ డబుల్ రికార్డు చేశారు. కండక్టర్ పియానిస్టు ఆల్ఫ్రెడ్ కోర్తో. ముగ్గురూ అప్పటికే ఏళ్ల తరబడి ట్రయోగా (ముగ్గురి బృందంగా) కలిసి వాయించినవాళ్లు. 78 ఆర్‌పిఎం రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు పళ్లెం) ఒక వైపున నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు. ఆ నాలుగైదు నిమిషాలూ ఆగకుండా వాయించాలి, నచ్చితే ఉంచాలి, లేదంటే మొత్తం మళ్లీ వాయించాలి. కోత లేదు, అతుకు లేదు. అందులో చిన్న చిన్న తప్పులు వినిపిస్తాయి. అయినా ఒకరు అన్నదానికి ఇంకొకరు ఆ క్షణంలోనే బదులిస్తున్నారని ప్రతి పదంలోనూ తెలుస్తుంది. ఆ గుణం టేపు వచ్చాక పూర్తిగా పోయిందనడం సరికాదు గానీ, దాన్ని నిలుపుకోవడానికి విడిగా శ్రమపడాల్సి వచ్చింది.

గడియారం

కోతలూ అతుకులూ ఎంత వీలైనా, టేకుల సంఖ్యకు హద్దు ఉంటుంది. లండన్ లాంటి చోట్ల ఆర్కెస్ట్రా సెషన్ అంటే మామూలుగా మూడు గంటలు, మధ్యలో విరామంతో కలిపి. గది నిండా ఉన్న వాద్యకారులకు నిమిషాల లెక్కన డబ్బు ఖర్చవుతుంటుంది. 35 నిమిషాల కృతిని కొన్ని సెషన్లలో ముగించాలి. ఒక్కొక్క సోలోయిస్టుకు ఒక్కొక్క ఊరిలో కచేరీ ఉంటుంది, విమానం టికెట్టు ముందే కొనేసి ఉంటుంది. ఎవరికి ఏ కంపెనీతో ఒప్పందం ఉంది, ఆ కంపెనీ అనుమతించిందా అనే తంతు అంతా ఇంతకుముందే నడిచి ఉంటుంది. 1969 నాటి ముగ్గురు సోలోయిస్టులూ సోవియట్ పౌరులు. పశ్చిమ బెర్లిన్‌కు వచ్చి వాయించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ వారం కుదరకపోతే వచ్చే వారం చూద్దాం అనే వెసులుబాటు లేదు.

అలసట కూడా అందరికీ ఒకేలా రాదు. పియానో పియానోలాగే ఉంటుంది, శ్రుతి చూసే మనిషి పక్కనే ఉంటాడు. చెల్లో వాద్యకారుడి ఎడమచేతి బొటనవేలు, తారస్థాయిలో తీగను అదిమి పట్టి పట్టి, రెండో గంటకల్లా నొప్పి పెడుతుంది. వయొలిన్, చెల్లో తీగల శ్రుతి గది వేడిని బట్టి మారుతుంది. కొయ్య గాలివాద్యాలు వేడెక్కుతున్నకొద్దీ శ్రుతి పైకి పోతుంది. పియానో మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఉదయం తీసిన టేకుకూ సాయంత్రం తీసిన టేకుకూ అతుకు పెట్టాలంటే ఇవన్నీ కలవాలి. తెలివైన ప్రొడ్యూసర్ (రికార్డింగ్ పనిని నడిపించే మనిషి) చెల్లోకు కష్టమైన చోట్లు ముందు తీసేస్తాడు, చెయ్యి తాజాగా ఉన్నప్పుడే. పియానో పదాలు చివరికి మిగుల్చుతాడు. ఇది పైకి చెప్పే విషయం కాదు. సోలోయిస్టుల్లో ఒకరి సౌకర్యం కోసం మిగతావాళ్లు ఆగుతున్నారని అనిపిస్తే గదిలో వాతావరణం మారిపోతుంది.

లార్గో దగ్గర ఏం జరిగింది

రిక్టర్ ఫిర్యాదులోకి వెళ్దాం. ఆయన చెప్పినదాని ప్రకారం సెషన్లలో రెండు పక్షాలు తయారయ్యాయి. కరాయాన్, రొస్త్రొపోవిచ్ ఒకవైపు, ఓయిస్ట్రాఖ్, తాను మరొకవైపు. లార్గోను కరాయాన్ సహజమైన నడక కన్నా బరువుగా, కావాలని నెమ్మదిగా పట్టుకున్నారని ఆయన అభిప్రాయం. ఇంకొక టేకు తీద్దామని అడిగితే, సమయం లేదు, ఫొటోలు తీయించుకోవాలి అని కరాయాన్ నుంచి సమాధానం వచ్చిందట.

ఫొటోల మాటే అందరికీ గుర్తుండిపోయింది. అది మనసును గుచ్చే మాట, అందులో సందేహం లేదు. అయినా అసలు విషయం లార్గో వేగంలో ఉంది. ఎందుకంటే ఒక తప్పు స్వరాన్ని అతుకు వేసి సరిచేయవచ్చు, వేగాన్ని సరిచేయలేరు. లార్గో మొదట్లో సూర్డినా (శబ్దాన్ని మెత్తబరిచే చిన్న బిళ్ల) పెట్టిన తీగవాద్యాలు కొన్ని గతుల పాటు నేలను పరుస్తాయి. ఆ మీదట చెల్లో ఎ ఫ్లాట్ మేజర్‌లో, పై స్థాయిలో, పొడుగాటి పాట ఎత్తుకుంటుంది. ఆర్కెస్ట్రా పరిచిన ఆ కొన్ని గతుల్లోనే కండక్టర్ వేగం నిర్ణయించేశారు. చెల్లో వాద్యకారుడికి అది ఇష్టమైతే, నెమ్మదైన వేగంలో తన స్వరం ఇంకాసేపు నిలుస్తుంది, ఇంకా పాడగలడు. అదే వేగం పియానిస్టుకు ఇబ్బంది. పియానో స్వరం కొట్టిన క్షణం నుంచే తగ్గిపోతుంటుంది. నడక మరీ నెమ్మదైతే అతని స్వరాల మధ్య ఖాళీలు తెరుచుకుంటాయి, వాక్యం చిన్న చిన్న ముక్కలవుతుంది. విల్లు ఉన్నవాడికి వరమైన వేగం సుత్తి ఉన్నవాడికి శాపం. రిక్టర్ అసంతృప్తిని ఆయన స్వభావానికి ముడిపెట్టేవాళ్లు ఈ భౌతిక వాస్తవాన్ని మరిచిపోతారు.

ఈ భాగం రోండోలోకి ఆగకుండా వెళ్లిపోవడం సమస్యను ఇంకా బిగించింది. లార్గో చివర్లో చెల్లో ఒకే స్వరాన్ని పదే పదే పలుకుతూ కొత్త భాగంలోకి అడుగు పెడుతుంది, రోండో ఇతివృత్తాన్ని కూడా మొదట అదే ఎత్తుకుంటుంది. లార్గోకు మరో వేగంలో కొత్త టేకు తీసి ఉంటే ఈ అంచు కూడా మళ్లీ తీయాల్సి వచ్చేది. ఒక్క టేకు అడగడం అంటే ఒక్క టేకు అడగడం కాదు. టేపును బ్లేడుతో కోసి అంటించే రోజుల్లో ట్రాకులు కూడా చాలా తక్కువ. వాద్యాల మధ్య బలాబలాలు చాలావరకు గదిలోనే స్థిరపడిపోయేవి, తర్వాత మార్చేందుకు పెద్దగా మిగిలేది కాదు.

ఇంత జరిగాక కూడా ఆ రికార్డును కొట్టిపారేయడానికి మనసొప్పదు. రొస్త్రొపోవిచ్ తొలి ప్రవేశం వింటే, ఆ వాద్యం నుంచి అంత ఎత్తున అంత ఆత్మవిశ్వాసం ఎలా వచ్చిందా అని ఆశ్చర్యం కలుగుతుంది. ఓయిస్ట్రాఖ్ స్వరం ఎక్కడా గరుకు కాదు. రిక్టర్ చాలాచోట్ల వెనక్కి తగ్గి, ఎంతో శుభ్రంగా, కాస్త దూరంగా వాయిస్తారు. ఎవరి వాయింపు వాళ్లకు గొప్పగానే ఉంది. అయితే ఒకరి వాక్యం అంతమయ్యే తీరు రెండోవాళ్ల వాక్యం మొదలయ్యే తీరును మార్చడం, ఈ కృతికి ప్రాణమైన ఆ గుణం, అక్కడ పలచగా ఉంది.

నిర్ణయించేవాళ్లను తగ్గించడం

తర్వాతి తరాలు ఈ సమస్యకు రకరకాల దారులు వెతికాయి. కరాయానే 1979లో మళ్లీ ఈ కృతిని డాయిచె గ్రామొఫోన్ కోసం రికార్డు చేశారు. ఈసారి ముగ్గురు కుర్రవాళ్లతో. వయొలిన్‌కు పదహారేళ్ల ఆన్ సోఫీ ముటర్, చెల్లోకు ఇరవైల్లో ఉన్న యోయో మా, పియానోకు మార్క్ జెల్ట్సర్. ఇక్కడ వేగం గురించి వాదించే స్థాయి ఎవరికీ లేదు. వినడానికి అది 1969 రికార్డు కన్నా పొందికగా ఉంటుంది. అదొక రకం పరిష్కారం. నిర్ణయం అంతా ఒక్కరిది.

రెండో దారి, పియానిస్టే కండక్టర్ కావడం. డేనియల్ బారెన్‌బాయిమ్ 1995లో వయొలిన్ వాద్యకారుడు ఇట్జాక్ పెర్ల్‌మన్, యోయో మాతో కలిసి బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌ను పియానో దగ్గర నుంచే నడిపిస్తూ కచేరీలోనే రికార్డు చేశారు. 2019లో ముటర్, మా, బారెన్‌బాయిమ్ బెర్లిన్‌లో, వెస్ట్ ఈస్టర్న్ దివాన్ ఆర్కెస్ట్రాతో, మళ్లీ కచేరీలోనే. 1979లో కరాయాన్ చేతి కింద వాయించిన ఇద్దరు సోలోయిస్టులు నలభై ఏళ్ల తర్వాత అదే కృతికి తిరిగి వచ్చారు. లార్గో వేగం ఎంత ఉండాలన్న ప్రశ్న ఈ రికార్డుల్లో కండక్టర్‌కూ పియానిస్టుకూ మధ్య రాదు. ఇద్దరూ ఒకే మనిషి. స్వరం ఎంతలో తగ్గిపోతుందో ఆయన వేళ్లకే తెలుసు కాబట్టి వేగం పియానోకు సరిపోయేలా ఉంటుంది, చెల్లో దానికి తగ్గట్టు సర్దుకుంటుంది.

కచేరీలో రికార్డు చేయడం ఇప్పుడు మామూలైంది. కారణం ప్రధానంగా ఖర్చే. ఆర్కెస్ట్రా ఎలాగూ రెండు మూడు రాత్రులు అదే కృతిని వాయిస్తుంది. మైకులు పెట్టి అన్నిటినీ రికార్డు చేస్తారు, రిహార్సల్‌తో సహా. చివరి రోజు ప్రేక్షకులు వెళ్లిపోయాక దగ్గు పడిన చోట్లు, స్వరం జారిన చోట్లు మాత్రం మళ్లీ వాయిస్తారు. దీనివల్ల టేకుల సంఖ్య తగ్గింది. ఎంచుకోవడానికి తక్కువ ఉంటే వాదించడానికి కూడా తక్కువ ఉంటుంది. పైగా ఆ మూడు రాత్రుల్లో సోలోయిస్టులు పూర్తి కృతిని ఆగకుండా వాయించి ఉంటారు కాబట్టి వేగాలు రాత్రి రాత్రికీ దగ్గర దగ్గరగానే వస్తాయి.

మూడో దారి అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా సమయం పట్టేది. ముందుగా ట్రయో కావడం. ఇసబెల్ ఫౌస్ట్ (వయొలిన్), జ్యాఁ గిహెన్ కెరాస్ (చెల్లో), అలెక్సాందర్ మెల్నికొవ్ (పియానో) 2021లో విడుదల చేసిన ట్రిపుల్ కన్చెర్టోలో తోడు ఫ్రైబుర్గ్ బరోక్ ఆర్కెస్ట్రా, కండక్టర్ పాబ్లో హెరాస్ కసాదో. ఈ ముగ్గురూ అంతకుముందే స్వరకర్త షూమన్ కన్చెర్టోలను ఇదే ఆర్కెస్ట్రాతో, ఇదే కండక్టర్‌తో, ఆయన ట్రయోలను తాము ముగ్గురే కలిసి వరసగా రికార్డు చేసినవాళ్లు. పాతకాలపు పద్ధతిలో వాయించే ఈ ఆర్కెస్ట్రా శబ్దం తేలికగా ఉంటుంది, కాబట్టి చెల్లో మధ్య స్థాయిలో కూడా మునగదు. ఇంజనీరు పని సగం తగ్గిపోతుంది. అయితే ఆ రికార్డు గొప్పతనం వాద్యాల రకంలో కన్నా, చెల్లో పదం చివర కాస్త ఆగితే వయొలిన్ కూడా ఆ ఆగడాన్ని పట్టుకుని మొదలుపెట్టడంలో ఉంది. రెండో టేకులోనూ నాలుగో టేకులోనూ అలా జరుగుతుంది కాబట్టే అతుకు పెట్టడానికి వీలవుతుంది.

ఇవన్నీ అయ్యాక మిగిలేది సంతకాల ఘట్టం. తొలి ఎడిటింగ్ పూర్తయ్యాక ప్రొడ్యూసర్ ఆ ఫైలును సోలోయిస్టులకూ కండక్టర్‌కూ పంపుతాడు. ఒక్కొక్కరూ స్వరలిపి ముందు పెట్టుకుని, గతి సంఖ్యలతో సహా, అభ్యంతరాలు రాసి పంపుతారు. చెల్లో వాద్యకారుడి జాబితాలో చెల్లో ఇంకాస్త వినిపించాలని ఉంటుంది. అదే గతి దగ్గర వయొలిన్ జాబితాలో చెల్లో ఎక్కువైందని ఉంటుంది. పియానిస్టు ఒకచోట మూడో టేకుకు మార్చమంటారు, అక్కడ మూడో టేకులో ఓబో ఆలస్యంగా వచ్చింది. ప్రొడ్యూసర్ మొదట ఎవరూ కాదనని మార్పులు చేసేస్తాడు. తర్వాత గొడవ ఉన్న చోట్లకు వచ్చి, ఆ పదంలో ప్రధాన స్వరం ఎవరిదో స్వరలిపిలో చూసుకుని, వాళ్ల మాటకే మొగ్గుతాడు. మిగతా ఇద్దరికీ ఎందుకలా చేశాడో ఫోన్ చేసి చెబుతాడు.